మీడియం సంగతి సరే, ఒకటో తరగతి వాచకం సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లీషు మీడియం మీద మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. తెలుగు పోతే జాతే పోతుందని ఒకరు రాస్తారు. ఇంగ్లీషు రాకపోతే కూలి పనే గతి అని ఇంకొకరు రాస్తారు. రాసేవాళ్లలో ఎక్కువమంది లెక్చరర్లు, రిటైరైన ఆఫీసర్లు, కవులు. ఆరేళ్ల పిల్లల మధ్య కింద కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దించిన మనిషి ఉత్తరం మాత్రం నాకు కనబడలేదు. నేను ఆదోని డివిజన్‌లో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా, చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం ఒకటో తరగతే చెప్పాను. ఏ హెచ్ఎం వచ్చినా "మేడమ్, చిన్నపిల్లలకు మీరైతేనే ఓపిగ్గా చెబుతారు" అని ఆ గదికే పంపేవాళ్లు. అది మెచ్చుకోవడమో, తప్పించుకోవడమో దేవుడికెరుక. ఈ ఉత్తరం కొంచెం పొడుగైంది. కత్తిరించక తప్పదంటే మధ్యలో కత్తిరించండి, చివర మాత్రం ఉంచండి.

నేను చెప్పబోయే మనిషి పేరు యాకోబ్ గోగెబాష్విలి. జార్జియా దేశపు పంతులు. మా అన్న మనవరాలు అక్కడ టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతోంది. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు, మీకు తెలిసే ఉంటుంది. వాళ్లు అద్దెకున్న ఇంటివాళ్ల పాప అక్షరాలు నేర్చుకునే పుస్తకాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. "జేజీ, ఇది నీ సబ్జెక్టే, చూడు. 1876లో ఒక పంతులు రాసిన పుస్తకమంట, ఇప్పటికీ ఆ పద్ధతిలోనే మొదలుపెడతారంట" అని రాసింది. అప్పట్నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

ఆయన 1840లో గోరి పట్టణం దగ్గర వరియాని అనే పల్లెలో, చర్చి పూజారి ఇంట్లో పుట్టాడు. గోరి అంటే స్టాలిన్ పుట్టిన ఊరు, మన వైపు పాత కామ్రేడ్లకు పరిచయం అక్కర్లేదు. గోరిలో, టిబిలిసిలో చర్చి బడుల్లో చదివి, పై చదువుకు కీవ్ పోయాడు. ఒళ్లు బాగాలేక మధ్యలోనే తిరిగొచ్చి, తను చదివిన టిబిలిసి సెమినరీలోనే టీచరయ్యాడు. జార్జియా అప్పటికి రష్యా జార్ల చేతికింద పడి అరవై ఏళ్లు దాటింది. సర్కారు ఆఫీసులో రష్యన్, పెద్ద చదువుల్లో రష్యన్, ఉద్యోగానికి రష్యన్. జార్జియన్ అనేది ఇంట్లో, పొలంలో, పాటలో మిగిలిన భాష. ఈయన 1865లో మొదటి అక్షరాల పుస్తకం రాశాడు. 1868లో చెట్లు, జంతువులు, నదులు, దేశ చరిత్ర అన్నీ కలిపి పిల్లలు చదువుకునే పెద్ద పుస్తకం తెచ్చాడు. 1874లో సెమినరీ ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత వేరే ఉద్యోగం జోలికి పోకుండా పుస్తకాలు రాయడమే పనిగా పెట్టుకున్నాడు. 1876లో 'దేదా ఎనా' వచ్చింది. తల్లి భాష అని అర్థం. మా మనవరాలు పంపిన పుస్తకం దాని వారసురాలే.

ఆ పుస్తకం మొదటి పాఠంలో ఉన్నది రెండు మాటలు. 'ఆయ్ ఇయా'. 'ఇదిగో వయొలెట్ పువ్వు' అని. ఆ భాషలో ముప్పై మూడు అక్షరాలుంటే, ఆ రెండు మాటలు రాయడానికి కావలసినవి 'అ', 'ఇ' రెండే. ఇంకేమీ అక్కర్లేదు. మొదటిరోజు బడికొచ్చిన పిల్ల రెండు అక్షరాలు నేర్చుకుని, సాయంత్రం ఇంటికెళ్లి అమ్మ ముందు ఒక పూర్తి వాక్యం చదువుతుంది. అంతకుముందు అక్కడ కూడా మన వీధిబడి మాదిరే అక్షరాల పేర్లన్నీ వరసగా వల్లె వేయించి, ఆ తర్వాతెప్పుడో మాటల్లోకి వెళ్లేవాళ్లు. గోగెబాష్విలి అక్షరమాల వరసను పక్కనబెట్టి, తేలిక అక్షరాలు ముందు, కష్టమైనవి తర్వాత వచ్చేలా పేర్చాడు. నేర్చుకున్న అక్షరాలతోనే మాటలు, ఆ మాటలతోనే వాక్యాలు, పోనుపోను పొడుపు కథలు, సామెతలు, చిన్న కథలు. ఈ పద్ధతికి బీజం ఉషిన్‌స్కీ అనే రష్యన్ పంతులు దగ్గర దొరికింది. రష్యన్ పెత్తనంతో జీవితమంతా పోట్లాడినవాడు, రష్యన్ పంతులు దగ్గర నేర్చుకోవడానికి ఏమాత్రం సిగ్గుపడలేదు. ఇది నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు మన పుస్తకం సంగతి. తరతరాలుగా 'అ' అంటే అమ్మ, 'ఇ' అంటే ఇల్లు. ఒకటో తరగతి చెప్పినవాళ్లకు ఇందులో ఇబ్బంది తెలుసు. 'అమ్మ'లో మకారం కింద మకారం ఒత్తు ఉంది. 'ఇల్లు'లో ఒత్తూ ఉంది, కొమ్ము కూడా ఉంది. ఒత్తులు పిల్లలకు వచ్చేది ఎప్పుడో సంక్రాంతి దాటాక. అంటే జూన్‌లో ఆ పిల్లవాడు 'అమ్మ' అని చదవడం లేదు, బొమ్మ చూసి చెబుతున్నాడు. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి అడిగితే నా ముఖంలోకి చూస్తాడు. అమ్మ మాట చదువులో ముందు రావాలన్న మన ఆశ మంచిదే, కాదనను. కానీ చదవడం అనే పని ఆ పేజీలో జరగదు.

నా తరగతిలో నేను వేరే దారి పట్టాను. ఇ, క, ఆ, ట, ప, ద. ఆరు అక్షరాలు. గుణింతం లేదు, ఒత్తు లేదు. బోర్డు మీద 'పద' అని రాసేదాన్ని. పక్కన 'ఇక ఆట'. ఎవరు ముందు చదివితే వాళ్ల వరసను ముందు బయటికి వదిలేదాన్ని. 'పద, ఇక ఆట' అని అరుచుకుంటూ పిల్లలు గ్రౌండులోకి పరిగెత్తేవాళ్లు. ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన ఒక ఆఫీసరు "వర్ణమాల వరస ఏదమ్మా?" అని అడిగాడు. వరస అక్టోబరుకల్లా వస్తుంది సార్, ముందు చదవనీయండి అన్నాను. ఆయన రిజిస్టర్లో ఏం రాశాడో నేను చూడలేదు. అప్పటికి నాకు గోగెబాష్విలి పేరు కూడా తెలియదు. ఆయనది చూశాక అర్థమైంది, ఇది టీచరు గదిలో చాటుగా చేసుకోవలసిన పని కాదని. వాచకమే అలా ఉండాలి.

అసలు గొడవ రెండో భాష దగ్గర వస్తుంది కాబట్టి ఆయన అక్కడేం చేశాడో చెబుతాను. 1880ల్లో కాకసస్ ప్రాంతం చదువులకు యనోవ్‌స్కీ అనే అధికారి పెద్ద. ఆయన హయాంలో ప్రాథమిక బడుల్లో జార్జియన్‌ని తొక్కిపెట్టి రష్యన్‌ని ముందుకు తోశారు. రష్యన్ చెప్పే పద్ధతి కూడా విచిత్రం. పిల్లల భాషలో ఒక్క మాట రానివ్వకుండా, సైగలు చేసి, వస్తువులు చూపించి, మొదటిరోజు నుంచే రష్యన్‌లోనే చెప్పడం. దానికి అక్కడివాళ్లు పెట్టిన పేరు మూగ పద్ధతి. పంతులుకు పిల్లల భాష తెలిసినా తెలియనట్టే నటించాలి. పిల్లలకు బోలెడు మాటలొచ్చినా నోరు మూసుకోవాలి.

గోగెబాష్విలి దీని మీద రాసి రాసి అలసిపోయాడు. రష్యన్ వద్దని మాత్రం అనలేదు, ఇది మన తెలుగు అభిమానులు గమనించాలి. 1887లో జార్జియన్ పిల్లలకు రష్యన్ నేర్పే పుస్తకం తానే రాశాడు. ముందు సొంత భాషలో చదవడం, రాయడం గట్టిపడనీ, ఆ తర్వాత రష్యన్‌ని ఆ భాష ఆసరాతో, తెలిసిన మాటల మీంచి నేర్పు. ఇదీ ఆయన వాదన. రష్యన్ బాగా రావాలన్నా ఇదే దగ్గరి దారి అన్నాడు. అప్పటి జార్జియన్ తల్లిదండ్రులు కూడా మన తల్లిదండ్రుల్లాంటివాళ్లే కదా. ఉద్యోగం రష్యన్‌లో ఉంటే పిల్లలకు రష్యన్ కావాలని కోరుకోరా? ఆ కోరికను ఆయన తప్పు పట్టలేదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఏమైంది? 2019 నవంబరులో 81 నంబరు జీవో వచ్చింది, సర్కారు బడుల్లో చిన్న తరగతుల నుంచే ఇంగ్లీషు మీడియం అని. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఈ పుస్తకాలను తిట్టేవాళ్లున్నారు, నేను తిట్టను. రెండు భాషలు ఒకచోట పెట్టడం ఆలోచనగా మంచిదే, గోగెబాష్విలి మెచ్చుకునేవాడేమో కూడా. చిక్కంతా వాడకంలో ఉంది. తెలుగు పేజీ చదవలేని పిల్లవాడికి ఇంగ్లీషు పేజీకి అది ఏం ఆసరా అవుతుంది? ఒక భాషలో చదవడం వస్తేనే ఎదురు పేజీ అర్థం అందుతుంది. రెండూ రాకుండా పుస్తకం తెరిస్తే, బరువు రెండింతలు, అంతే. నా ఎరుకలో ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లలు తెలుగులో మాట్లాడితే ఫైన్ వేస్తారు. రూపాయో, రెండు రూపాయలో. నూట నలభై ఏళ్ల కింద జార్ ప్రభుత్వం చేసిన పనిని మనం ఫీజు కట్టి మరీ చేయించుకుంటున్నాం.

ఇంగ్లీషు మీద కోపంతో ఇది రాస్తున్నానని అనుకోవద్దు. మా పిల్లలు ఇంగ్లీషులోనే చదివారు. తెలుగు మీడియమే కావాలని సభల్లో గొంతు చించుకునేవాళ్లలో సొంత పిల్లల్ని ఊరి బడిలో వేసినవాళ్లు ఎంతమందో లెక్క తీస్తే బాగుంటుంది. మా వీధిలో హమాలీ పని చేసే ఒకాయన నాతో అన్నాడు, "మేడమ్, మీరు ఇంగ్లీషు నేర్చుకుని మమ్మల్ని తెలుగు చదవమంటారేందబ్బా?" అని. ఆయనకు నా దగ్గర ఒకటే జవాబు. ఇంగ్లీషు రావాలి, తప్పకుండా రావాలి. ఎప్పుడు, దేని మీద నిలబెట్టి అన్నదే మాట్లాడుకోవాలి.

ఇంకో సంగతి దాటవేస్తే అన్యాయం అవుతుంది. తల్లి భాష, తల్లి భాష అంటున్నాను గదా, మా వైపు ఒకటో తరగతి గదిలో తల్లి భాష ఒకటి కాదు. ఆదోని టౌనులో ఉర్దూ ఇళ్లున్నాయి. కౌతాళం, హొళగుంద వైపు కన్నడం మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. తండాల నుంచి వచ్చే సుగాలి పిల్లలకు ఇంట్లో వాళ్ల భాషే. వాళ్లకు తెలుగు కూడా బడిలో ఎదురైన పరాయి భాషే. గోగెబాష్విలి కథలో కూడా ఈ ముడి ఉంది. జార్జియా పడమటి భాగంలో మెగ్రేలియన్ అనే భాష ఇళ్లలో మాట్లాడుకుంటారు. దానికి వేరే లిపి, వేరే బడి పుస్తకాలు అని రష్యన్ అధికారులు ముందుకొచ్చినప్పుడు గోగెబాష్విలి గట్టిగా అడ్డుపడ్డాడు. జార్జియన్లను ముక్కలు చేయడానికి పన్నిన ఎత్తు ఇదని ఆయన నమ్మకం. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు, నిజమే. అయినా ఆ ఇంటి పిల్లవాడి వైపు నుంచి చూస్తే, తన వాదాన్ని ఆయన అక్కడ తానే పక్కనబెట్టినట్టు అనిపిస్తుంది నాకు. ఎంత పెద్దవాడైనా ఇక్కడ నేను ఆయనతో లేను.

ఈ విషయంలో మన గిడుగు రామమూర్తి గారి చెయ్యి పైది. తెలుగువాడై ఉండీ పర్లాకిమిడి దగ్గర సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు రాశాడు, బడులు పెట్టించాడు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవం చేసి, దండలు వేసి, తెలుగు తీయదనం మీద ఉపన్యాసాలు ఇస్తాం. సవర వాచకాల ఊసు ఎవరూ ఎత్తరు. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక చదువు వాళ్ల భాషలో చెప్పే వసతి కల్పించాలని మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. తండాలో సుగాలి వచ్చిన ఒక ఆయమ్మనో, చదువుకున్న అమ్మాయినో మొదటి ఆరు నెలలు ఒకటో తరగతి గదిలో కూర్చోబెట్టినా సగం పని అవుతుంది. ఇది నేను చూసి చెబుతున్నమాట. నేను పనిచేసిన ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే సుగాలి ఆమె, వంట అయ్యాక వచ్చి నా పక్కన కూర్చునేది. నేను తెలుగులో చెప్పింది తను వాళ్ల మాటలో ఒకసారి చెప్పేది. ఆ ఏడాది తండా పిల్లలు బడి మానలేదు.

బొమ్మల సంగతి ఒకటి. 'ప'కి పడవ. మా పిల్లలు తుంగభద్రలో, అదీ మంత్రాలయం పోతే, చూసింది పుట్టిని, అంటే ఏరు దాటే గుండ్రటి బుట్ట తెప్పను. గొర్రు, గుంటక, బుడ్డల (వేరుశనగ) చెట్టు, పత్తి బోరేలు, కొర్రలు, సంగటి, ఇవేవీ మా బడి పుస్తకంలో పెద్దగా కనబడేవి కావు. గోగెబాష్విలి పుస్తకాల్లో కొండలూ, పూలూ, పశువులూ, కథలూ అన్నీ ఆ పిల్లల ఊళ్లలో ఉన్నవే. రాష్ట్రమంతటికీ ఒకటే పుస్తకం కాబట్టి కుదరదంటారు. మొదటి యాభై పేజీలకు జిల్లాల వారీగా బొమ్మలు మార్చడం అంత పెద్ద విద్య ఏమీ కాదు.

సుగ్గి గురించి, అంటే కూలి పనులకు వలస పోవడం గురించి, కూడా చెప్పాలి. పడమటి మండలాల్లో వానలు మోసం చేసిన ఏడు, దీపావళి దాటితే ఊళ్లు ఖాళీ. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలు పోతాయి. ఒకటో తరగతి పిల్లల్ని అవ్వ దగ్గర వదిలిపోతే వదిలిపోతారు, లేదంటే వెంట తీసుకుపోతారు. సీజనల్ హాస్టళ్లున్నాయి గానీ ఆరేళ్ల బిడ్డను హాస్టల్లో పెట్టడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? తిరిగొచ్చేసరికి మిగతా తరగతి గుణింతాలు దాటి ఒత్తుల్లో ఉంటుంది. మన వాచకం జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగిసే రైలు. మధ్యలో దిగినవాడికి మళ్లీ ఎక్కే స్టేషన్ లేదు. వాచకాన్ని చిన్న చిన్న భాగాలుగా చేసి, ఒక్కో భాగంలో కొన్ని అక్షరాలు, ఆ అక్షరాలతోనే చదివే కథలు పెడితే, పిల్లవాడు ఎక్కడ ఆగాడో అక్కడ్నుంచి మొదలెట్టవచ్చు. ఆ చిన్న పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకుని మిరప చేనుకు పోయినా పోవచ్చు.

దానికి తోడు ఈ పరీక్షలొకటి. ఒకటో తరగతి పిల్లలకు కూడా ఎఫ్ఏ వన్, ఎఫ్ఏ టూ, మార్కులు, గ్రేడ్లు, ఆన్‌లైన్ ఎంట్రీ, టీచర్లకు దాని టెన్షన్. అదే జార్జియాలో, సోవియట్ కాలంలో, షల్వా అమొనష్విలి అనే మరో పంతులు చిన్న తరగతుల్లో మార్కులే తీసేసి బడి నడిపి చూపించాడు. ఆయన గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది.

గోగెబాష్విలి ఒంటరిగా ఇదంతా చేయలేదు. 1879లో ఇలియా చావ్‌చవాద్జే అనే కవి లాంటివాళ్లతో కలిసి జార్జియన్లలో అక్షరాస్యత వ్యాప్తికి ఒక సంఘం పెట్టారు. సర్కారు సాయం చేయకపోగా అడ్డుపడుతున్నా, ఆ సంఘం బడులు తెరిచింది, పుస్తకాలు అచ్చువేసింది. ఆ నేల ఎంత లోతుగా తడిసిందో వందేళ్ల తర్వాత తెలిసింది. 1978లో సోవియట్ ప్రభుత్వం రాజ్యాంగంలోంచి జార్జియన్‌కు ఉన్న అధికార భాష హోదాను తీసేయాలని చూస్తే, ఏప్రిల్ 14న వేలమంది టిబిలిసి వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది వేరే. ఆయన 'దేదా ఎనా'ని 1876లో రాసి వదిలేయలేదు. 1912లో చనిపోయేవరకూ కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా సవరిస్తూ పోయాడు. ఏ పాఠం పిల్లలకు ఎక్కడం లేదు, ఏది ముందుకు జరపాలి, ఏది తీసేయాలి అని ముప్పై ఆరేళ్లు ఒకే పుస్తకం మీద కూర్చున్నాడు. మన దగ్గర ప్రభుత్వం మారినప్పుడల్లా అట్ట మారుతుంది, లోపల ముందుమాట మారుతుంది, బ్యాగు రంగు మారుతుంది. పాఠం పని చేసిందా లేదా అని ఒకటో తరగతి టీచరును అడిగిన గుర్తు నా సర్వీసులో లేదు. చుట్టుపక్కల బడుల టీచర్లను కలిపి పెట్టే కాంప్లెక్స్ మీటింగుల్లో ఫార్మాట్లు నింపమన్నారు. పుస్తకం చేతిలో పెట్టి, ఎక్కడ పిల్లలు ఆగిపోతున్నారు అని అడగలేదు.

కాబట్టి విద్యాశాఖ పెద్దలకు మీ పత్రిక ద్వారా నా మనవి. తెలుగా, ఇంగ్లీషా అన్నది మీరూ కోర్టులూ తేల్చుకోండి. ఏది తేలినా ఒకటో తరగతి తెలుగు వాచకం ఉంటుంది గదా. వచ్చే ముద్రణకు ముందు ఆదోని, ఆలూరు, పత్తికొండ లాంటి చోట్ల ఒకటో తరగతి చెబుతున్న టీచర్లను నలుగురైదుగురిని పిలవండి. ప్రొఫెసర్లు కూడా ఉండనీండి, కానీ పెన్ను టీచర్ల చేతికివ్వండి. మొదటి పేజీలో బొమ్మ మూసినా చదవగలిగే వాక్యం ఒకటి పెట్టమనండి. ఏడాది ఆ పుస్తకంతో చెప్పించి, ఆ టీచర్లనే మళ్లీ పిలిచి సవరించమనండి. ఆ తర్వాతి ఏడాది మళ్లీ పిలవండి. టీఏ, డీఏ ఇవ్వకపోయినా వస్తారు. నేను రిటైరైనా నన్ను పిలిస్తే వస్తాను. నా పాత టీచింగ్ నోట్సులు ఇంకా బీరువాలో ఉన్నాయి, ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం చెబితే పిల్లలు తడబడలేదో వాటిలో రాసి ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎస్జీటీ,
ఆదోని, కర్నూలు జిల్లా